తేజేలో ఒక వారం: బొచ్చె, గంటె, ఫినాయిలు

తేజే అన్న పేరు నేను మొదట విన్నది గుంటూరు జిల్లాలోని మా ఊరి పాత పాస్టరుగారి నోట. ఆయన కుర్రతనంలో, 1988 ఆఖర్లో మద్రాసులో తేజేవాళ్ళు పెట్టిన పెద్ద యువజన కూడికకి వెళ్ళొచ్చారు. "అక్కడ ప్రసంగం తక్కువమ్మా, పని ఎక్కువ" అనేవారు. ఉద్యోగం కోసం స్టుట్‌గార్ట్ వచ్చిన మూడేళ్ళకి గాని ఆ మాట నిజమో కాదో చూడటానికి నాకు కుదరలేదు.

ముందు దారి సంగతి. తేజే ఫ్రాన్సులో, బుర్గుండి ప్రాంతంలో కొండ మీద ఉన్న చిన్న పల్లెటూరు. వేర్వేరు క్రైస్తవ శాఖల నుంచి వచ్చి, సన్యాసుల్లా కలిసి బతికే బ్రదర్స్ సంఘం ఉన్నది అక్కడే. పారిస్ నుంచి వచ్చేవాళ్ళు మకాన్ లోషే దాకా వేగం రైలెక్కి, అక్కణ్ణుంచి బస్సు పట్టుకోవచ్చు. నేను జర్మనీ నుంచి స్ట్రాస్‌బుర్గ్, దిజాన్ మీదుగా షలోన్‌లో దిగాను. ఆదివారం బస్సులు తక్కువన్న సంగతి చూసుకోకుండా బయల్దేరడం నా తప్పే. స్టేషన్ ముందు బెంచీ మీద గంటల తరబడి కూర్చున్నాను. పక్కన ఇద్దరు పోలండ్ అమ్మాయిలు రొట్టె విరుచుకుంటూ, అడక్కుండానే నాకూ ఓ ముక్క ఇచ్చారు. నేను జంతికలు తీశాను. జర్మనీలోని చర్చీలు వేసవిలో సొంతంగా బస్సులు మాట్లాడుకుని వెళ్తుంటాయి. సీటు దొరికితే దాన్ని మించింది లేదు, సామాను మార్చే బాధ ఉండదు.

అక్కడ ఆదివారం నుంచి ఆదివారం దాకా ఒక వారం లెక్క. దిగగానే పేరు రాయించుకుని, డబ్బు కట్టి, భోజనం టికెట్లు తీసుకోవాలి. కట్టాల్సిన సొమ్ము వయసును బట్టీ, మనం ఉండే దేశాన్ని బట్టీ మారుతుంది. నా వారం మొత్తానికి పారిస్‌లో ఒక్క రాత్రి గదికయ్యేంత కాలేదు. ఆ సొమ్ము వచ్చినవాళ్ళ తిండికీ బసకే. బ్రదర్స్ తమ కోసం కానుకలు తీసుకోరు, వాళ్ళకి ఇంటినుంచి వచ్చే వారసత్వం కూడా ఉంచుకోరు. కుండలూ కప్పులూ చేసి, పుస్తకాలు అచ్చేసి, వాటి మీద బతుకుతారు. ఆ ఏడు రోజుల్లో ఆరాధనలో కానుకల సంచి నా ముందుకి ఒక్కసారీ రాలేదు. పర్సులో చిల్లర సిద్ధంగా పెట్టుకుని కూర్చునే అలవాటు కదా, మొదటి రెండు రోజులూ చెయ్యి ఊరికే పర్సు మీదికి పోయేది.

బస గురించి దాచకుండా చెబుతాను. చెక్క షెడ్లలో ఆరుగురికో ఎనిమిదిమందికో ఒక గది, పైన ఒకటి కింద ఒకటి మంచాలు. దుప్పటీ, స్లీపింగ్ బ్యాగ్ మనమే తెచ్చుకోవాలి. స్నానాల గదులు బయట, అందరికీ కలిపి. సొంత గుడారం తెచ్చుకుంటే వేసుకోవడానికి చోటిస్తారు. ఎండాకాలం అదే మేలనిపించింది, వాన పడితే మాత్రం షెడ్డే. నాకు పై మంచం వచ్చింది. కింద పడుకున్న పోర్చుగల్ పిల్ల నిద్రలో మాట్లాడేది. గది నిశ్శబ్దంగా ఉండాలనీ, బాత్రూము లోపలే ఉండాలనీ అనుకునేవాళ్ళు ఈ చోటికి రాకపోవడమే మంచిది. ముప్పై దాటినవాళ్ళకి విడిగా బస, పిల్లలతో వచ్చే కుటుంబాలకి పక్క ఊళ్ళో ఏర్పాటు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్దామనుకుంటే ముందే రాసి అడగండి. వేసవిలో కొన్ని వారాలు వేలమంది ఉంటారు, ప్రతిదానికీ వరసే.

ఇక తిండి. ఒక ట్రే, ఒక బొచ్చె, ఒక పెద్ద చెంచా. ఫోర్కూ కత్తీ లేవు, గ్లాసు కూడా లేదు. టీ ఆ బొచ్చెలోనే, నీళ్ళూ అందులోనే. పొద్దున రొట్టె, వెన్న, రెండు చాక్లెట్ పుల్లలు. ఆ చాక్లెట్‌ని రొట్టె మధ్యలో దూర్చి తినాలని రెండో రోజుకి తెలిసింది. మధ్యాహ్నం ఒక్క వేడి వంటకం, ఒక రోజు ఉడకబెట్టిన పప్పుగింజలు, ఇంకో రోజు పాస్తా. ఉప్పు ఉంటుంది, కారం ఊసుండదు. నేను తెచ్చుకున్న కారప్పొడి డబ్బా బుధవారానికి మా బల్ల మీద అందరిదీ అయిపోయింది, గురువారానికి ఖాళీ. సాయంత్రం ప్రార్థనయ్యాక ఓయాక్ అని చిన్న అంగడి తెరుస్తారు. పానీయాలూ చిరుతిళ్ళూ దొరుకుతాయి, గిటార్లు మోగుతాయి. రాత్రి పొద్దుపోయాక మాత్రం వాలంటీర్లు వచ్చి మర్యాదగా లేపి పంపేస్తారు. ఆ నిద్ర అందరికీ అవసరమే మరి, పొద్దున గంటలు మొదలైతే ఎవరూ పడుకోలేరు.

వచ్చిన రోజే పనుల జట్లు వేస్తారు. వంటకి సాయం, వడ్డన, అంట్లు, చెత్త, టాయిలెట్లు, ఆరాధన ముందు చర్చి తలుపుల దగ్గర "మౌనం" అని రాసిన అట్టలు పట్టుకుని నిలబడటం. చేయి ఎత్తమన్నప్పుడు నేను కొంచెం ఆలస్యం చేశాను. మిగిలింది టాయిలెట్లు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా నాయనమ్మ మునిసిపాలిటీలో పారిశుధ్య పని చేసి రిటైరైంది. ఆ పని మా ఇంట్లో ఇంకెవరూ చెయ్యకూడదనే మా నాన్నని చదివించింది, మా నాన్న నన్ను చదివించాడు. అలాంటి నేను చేతులకి రబ్బరు తొడుగులేసుకుని, బకెట్లో ఫినాయిలు వాసన పీలుస్తూ నిలబడ్డాను. పక్కన ముగ్గురు. ఒకడు మ్యూనిక్ డాక్టరు కొడుకు, ఇంకోడు లిథువేనియా కాలేజీ కుర్రాడు, ఇంకో అమ్మాయి కొరియా నుంచి. డాక్టరు కొడుకు బ్రష్షు పట్టుకోవడం చూస్తేనే తెలిసిపోతుంది, జన్మలో ఇదే మొదలు. మూలలు వదిలేస్తున్నాడు. చూసి చూసి బ్రష్షు లాక్కుని చూపించాను: ముందు నీళ్ళు, తరవాత మందు, కాసేపు ఆగి, అంచు కింద నుంచి తిప్పుతూ రావాలి. ఎలా తెలుసని అడిగాడు. మా నాయనమ్మ ఉద్యోగం అదేనన్నాను. "ఓహో" అని మళ్ళీ పాట అందుకున్నాడు. మా ఊళ్ళో ఆ మాట విన్న మనిషి ముఖంలో ఏదో ఒకటి కదులుతుంది. వాడి ముఖంలో ఏమీ కదల్లేదు. అందుకు ఆనందించాలో, వాడికి ఏమీ తెలియనందుకు కోపం తెచ్చుకోవాలో నాకు తేలలేదు. వాడికి ఇది ఒక వారం ఆట. నాయనమ్మకి ముప్పై ఏళ్ళ రోజువారీ. అలాగని ఆట అని కొట్టిపారేయలేను కూడా. పని చెయ్యమని ఎవరి కులమూ అడగలేదు, తప్పించుకోవడానికి ఎవరి హోదా పనికిరాలేదు. మా సంఘంలో ప్రేమవిందు తరవాత గిన్నెలు ఎవరు కడుగుతారో, మైకు ఎవరు పట్టుకుంటారో నాకు తెలుసు. ఆ రెండు జాబితాల్లో ఒకే పేరు ఉండటం నేనింతవరకు చూడలేదు.

రోజూ మూడు ప్రార్థనలు, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. చర్చి పేరు సమాధాన మందిరం అనుకోవచ్చు. 1962లో దీన్ని కట్టినవాళ్ళు జర్మన్ యువకులు, యుద్ధంలో తమ దేశం చేసినదానికి ప్రాయశ్చిత్తంగా వచ్చి కట్టారు. 1971 ఈస్టరుకి జనం పట్టక ముందు గోడ పడగొట్టి, డేరా అతికించారట. కుర్చీలు లేవు, నేల మీదే కూర్చోవాలి. మనకది కొత్త కాదు. ఐరోపావాళ్ళు కాళ్ళు మడవలేక అవస్థ పడుతుంటే నేను ప్రశాంతంగా బాసింపట్టు వేశాను. తెల్లని అంగీల్లో బ్రదర్స్ మధ్యలో వరసగా కూర్చుంటారు. రెండు మూడు పంక్తుల పాట, పదిసార్లు, పదిహేనుసార్లు, రకరకాల భాషల్లో. మధ్యలో కొన్ని నిమిషాల మౌనం. మైకు సౌండ్‌లో పెరిగిన నాకు పాటలకన్నా ఆ మౌనమే కష్టమైంది. సోమవారం ఆ కాస్తసేపూ ఆఫీసు పనులు లెక్కేశాను. గురువారానికి దగ్గులు వినపడటం మొదలైంది, ఎవరెక్కడ కూర్చున్నారో దగ్గుని బట్టే తెలిసేది. శుక్రవారం రాత్రి సిలువని నేల మీద పరుస్తారు, జనం మోకాళ్ళ మీద వెళ్ళి నుదురు ఆనిస్తారు. వరస చాలా పెద్దది, తొందర ఎవరికీ లేదు.

పొద్దున ఒక బ్రదర్ వాక్యం చెప్పాక చిన్న చిన్న గుంపులుగా కూర్చుని మాట్లాడుకోవాలి. మాది అపొస్తలుల కార్యముల రెండో అధ్యాయం, విశ్వాసులు తమకున్నదంతా సమష్టిగా ఉంచుకోవడం. మాది లూథరన్ సంఘం, అంటే జర్మనీ సంస్కర్త లూథర్ బాటలోని ప్రొటెస్టెంటు శాఖ. ఇండియాలో లూథరన్లు ఎక్కణ్ణుంచి వచ్చారని ఒక జర్మన్ అమ్మాయి ఆశ్చర్యపోయింది. 1842లో గుంటూరు వచ్చిన అమెరికా మిషనరీ హయ్యర్ పుట్టింది మీ దేశంలోనే, హెల్మ్‌స్టెట్‌లో అంటే ఫోన్లో వెతికి చూసుకుంది. సమష్టిగా ఉంచుకోవడం మీ దగ్గర ఉందా అని అడిగారు. అన్నం వండే ముందు నాయనమ్మ గుప్పెడు బియ్యం పక్క డబ్బాలో వేసి, ఆదివారం గుడికి మోసుకెళ్ళేదని చెప్పాను. రాసుకున్నారు! మేం అది గొప్ప విషయమని ఎప్పుడూ అనుకోలేదు.

ఒక మధ్యాహ్నం ఊళ్ళోకి నడిచాను. పాత రాతి చర్చి పక్కన ఈ సంఘాన్ని మొదలుపెట్టిన బ్రదర్ రోజే సమాధి ఉంది, చిన్న చెక్క సిలువ, పేరు, పూలు. అంతే. స్విట్జర్లాండ్ నుంచి 1940లో, పాతికేళ్ళ వయసులో, యుద్ధం మధ్యలో ఇక్కడ ఇల్లు కొని, పారిపోయి వచ్చినవాళ్ళని, యూదుల్ని కూడా దాచినవాడు. 1949 ఈస్టరుకి ఏడుగురు బ్రదర్స్ కలిసి జీవితాంతపు ప్రమాణం చేశారు. 2005 ఆగస్టు 16న రాత్రి ప్రార్థనలోనే కత్తిపోటుకి చనిపోయాడు. పిల్లల్ని పంపే తల్లిదండ్రులకి ఒక మాట: బ్రదర్స్‌లో కొందరి మీద వచ్చిన పాత లైంగిక వేధింపుల ఆరోపణల్ని 2019లో సంఘమే బయటపెట్టింది. అది తెలుసుకునే పంపండి.

తిరుగు దారిలో పది కిలోమీటర్ల దూరంలోని క్లూనీ చూశాను. 910లో పుట్టిన ఆ మఠం చర్చి ఒకప్పుడు క్రైస్తవ లోకంలోకెల్లా పెద్దది. ఫ్రెంచి విప్లవం తరవాత రాళ్ళ కోసం పడగొట్టి అమ్ముకున్నారు, సిలువ ఆకారంలో కట్టిన ఆ చర్చిలో ఇప్పుడు ప్రధానంగా ఒక పక్క చెయ్యి మాత్రం మిగిలింది. ఒక పూట చాలు. రాత్రి ఉందామని తీసుకున్న చిన్న లాడ్జిలో, చెప్పిన టైముకి గంట దాటిందని తలుపు తియ్యలేదు. తేజే గదిలో పోర్చుగల్ పిల్ల కలవరింతలు గుర్తొచ్చాయి. చివరికి వేరేచోట, రెట్టింపు డబ్బుకి పడుకున్నాను.

అక్కణ్ణుంచే ఇంటికి ఫోన్ చేశాను. వారం ఏం చేశావని నాయనమ్మ అడిగితే దాచలేకపోయాను.

"ఎంతిచ్చారే?"

"ఇవ్వడమేంటి నాయనమ్మా, మనమే కట్టాలి."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను.

"మళ్ళీ ఎల్తావా?"

"వెళ్తానేమో."

"ఎల్తే ఈసారి చెయ్యి తొందరగా ఎత్తు. అంట్లు అడుగు."