ఏఈఎం ఎక్స్-సిరీస్ వైడ్‌బ్యాండ్ గేజ్: ఈ20 పెట్రోల్‌తో రీడింగ్ ఎలా చదవాలి

ఎగ్జాస్ట్‌లో ఉండే మామూలు (నారోబ్యాండ్) ఆక్సిజన్ సెన్సర్ గాలి-పెట్రోల్ మిశ్రమం రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువ) ఉందో లీన్‌గా (పెట్రోల్ తక్కువ) ఉందో చెప్పి ఊరుకుంటుంది. ట్యూనింగ్‌కి ఎంత రిచ్, ఎంత లీన్ అన్నది తెలియాలి. ఏఈఎం ఎక్స్-సిరీస్ (30-0300) ఆ పని నమ్మకంగా చేస్తుంది. 52 మి.మీ. గేజ్, బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సర్, ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పంపడానికి 0–5 వోల్టుల అనలాగ్ అవుట్‌పుట్ ఇస్తారు. క్యాన్ (డిజిటల్ డేటా లైన్) సదుపాయం కూడా ఉంది. గాలిలో పెట్టి క్యాలిబ్రేట్ చేయనక్కర్లేదు. సెన్సర్‌ని ఫ్యాక్టరీలో సరిచేసే ట్రిమ్ రెసిస్టర్ దాని కనెక్టర్‌లోనే ఉంటుంది కాబట్టి వైరు చాలలేదని ఆ కనెక్టర్‌ని మాత్రం కోయకండి.

మన దగ్గర ఎక్కువమంది పొరబడేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్) విషయంలో. సెన్సర్ అసలు కొలిచేది ల్యాంబ్డా, అంటే పెట్రోల్ పూర్తిగా కాలడానికి కావలసిన గాలితో పోలిస్తే ఉన్న గాలి ఎంత అన్నది (1 అంటే సరిగ్గా సరిపోయింది, తగ్గితే రిచ్). గేజ్ దాన్ని సుమారు 14.7తో గుణించి ఏఎఫ్‌ఆర్‌గా (గాలి-పెట్రోల్ బరువుల నిష్పత్తి) చూపిస్తుంది, ట్యాంకులో ఏముందో దానికి తెలియదు. ఈ20 పూర్తిగా కాలడానికి సరిపోయే నిష్పత్తి దాదాపు 13.5, అయినా ల్యాంబ్డా 1 దగ్గర గేజ్ మీద 14.7 అనే ఉంటుంది. ఇది తెలియక క్రూజ్‌లో గేజ్ మీద 13.5 వచ్చేలా మ్యాప్ చేస్తే ల్యాంబ్డా 0.92కి పడిపోతుంది, మైలేజీ ఊరికే పోతుంది. ఈ10కి మ్యాప్ చేసి, క్లోజ్డ్ లూప్ కరెక్షన్ (సెన్సర్ చూసి ఈసీయూ తనే దిద్దుకోవడం) లేకుండా ఈ20 పోస్తే ఫుల్ థ్రాటిల్‌లో 3–4 శాతం లీన్ అవుతుంది. 12.7 ఉన్నచోట 13.1 దాటుతుంది. అందుకే డిస్‌ప్లేని ల్యాంబ్డాకి మార్చేయడం మేలు. ఫుల్ థ్రాటిల్‌లో టర్బో లేని ఇంజిన్‌కి 0.85–0.88, టర్బో ఉంటే 0.78–0.82 దగ్గర మొదలుపెట్టండి.

దిద్దే లెక్క తేలిక: వచ్చిన ల్యాంబ్డాని కావలసినదానితో భాగించి, వీఈ టేబుల్ (ఇంజిన్ ఎంత గాలి పీలుస్తుందో ఈసీయూకి చెప్పే పట్టిక) అంకెను దానితో గుణించాలి. 0.92 వచ్చింది, 0.87 కావాలి, సెల్‌లో 80 ఉందనుకుంటే కొత్త అంకె 84.6.

అయితే టేబుల్ ముట్టుకునే ముందు ఆ రీడింగ్ నిజమేనా అని చూడాలి. సెన్సర్‌కి ముందు ఎగ్జాస్ట్ లీక్ ఉంటే బయటి గాలి లోపలికి లాగి లీన్ చూపిస్తుంది, ముఖ్యంగా ఐడిల్‌లో. మిస్‌ఫైర్ (సిలిండర్‌లో మంట సరిగా అంటుకోకపోవడం) అయినా అంతే: కాలని ఆక్సిజన్ బయటికొచ్చి, రిచ్‌గా నడుస్తున్న ఇంజిన్ కూడా లీన్‌గా కనబడుతుంది. అది చూసి ఇంకా పెట్రోల్ పెంచితే ప్లగ్‌లు తడిసి మిస్‌ఫైర్ ముదురుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు రీడింగ్ లీన్ వైపు స్కేలు దాటిపోతే కంగారు పడకండి, అది ఈసీయూ పెట్రోల్ ఆపేయడం (ఫ్యూయల్ కట్).

ఈసీయూ లాగ్‌లోనూ, గేజ్‌లోనూ అంకెలు కలవకపోతే గ్రౌండ్ వైరు చూడండి. అనలాగ్ సూత్రం: ఏఎఫ్‌ఆర్ = వోల్టులు × 2.375 + 7.3125. అంటే 0.1 వోల్టు తేడా పావు ఏఎఫ్‌ఆర్‌కి దగ్గర. పాత 30-4110 గేజ్ స్కేలు వేరు (వోల్టులు × 2 + 10), ఈసీయూలో అది మిగిలిపోయిందేమో కూడా చూసుకోండి.

బిగింపులో బంగ్ (సెన్సర్‌ని బిగించే మరల రింగు) ఎం18×1.5. టర్బో దాటాక, క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందు, అడ్డగీతకి (హారిజాంటల్) కనీసం 10 డిగ్రీల పైకి వెల్డ్ చేయించండి, లేకపోతే పైపులో చేరిన నీటి చుక్క పడి వేడి సెరామిక్ పగులుతుంది. కరెంటు ఇగ్నిషన్ ఆన్ లైన్ నుంచే తీయాలి. హీటర్ ఆరిపోయి సెన్సర్ మాత్రం పైపులోనే ఉండి ఇంజిన్ నడిస్తే మసి పట్టి పాడైపోతుంది. గేజ్ తీసేసిన రోజు సెన్సర్ కూడా తీసి బంగ్‌కి ప్లగ్ బిగించండి.