ఆర్‌సీ క్రాలర్ చాసీకి 4.75 మి.మీ. స్టీల్ బ్రేక్ పైప్ ఎలా ఉంది?

1/10 స్కేల్ ఆర్‌సీ క్రాలర్‌కి (రాళ్లెక్కే రిమోట్ కంట్రోల్ బండి, అసలు దాంట్లో పదో వంతు సైజు) ట్యూబ్ చాసీ, అంటే గొట్టాలతో అతికిన చట్రం, కట్టేవాళ్లు లోహం ఎంత గట్టిదో అడుగుతారు. అడగాల్సింది అతుకు దగ్గర అది ఏమవుతుందని. ఆ లెక్కన ఆటో స్పేర్ పార్ట్స్ షాపుల్లో చుట్టగా దొరికే స్టీల్ బ్రేక్ పైప్‌ని మించింది లేదు.

బయటి వ్యాసం 4.75 మి.మీ., గోడ మందం 0.7. మీటరుకి దాదాపు 70 గ్రాములు తూగుతుంది. అదే సైజు రాడ్డు 140. బరువు సగమైనా వంగకుండా నిలిచే బిగువులో ముప్పాతిక వంతు మిగులుతుంది. అందుకే చాసీ అడుగున ఉండే రెండు పట్టాలకి రాడ్డు, పైన పంజరంలా ఉండే కేజ్‌కంతా పైపు వాడండి. బరువు కిందికి దిగితే బండి ఏటవాలులో అంత త్వరగా పల్టీ కొట్టదు.

కొనేటప్పుడు అయస్కాంతం తీసుకెళ్లండి, రంగుని నమ్మొద్దు. అంటుకోకపోతే అది చాలావరకు రాగి-నికెల్ పైపే. చేత్తో హాయిగా వంగుతుంది, రెండు పల్టీలకి కేజ్ కూడా అంతే హాయిగా ఒరిగిపోతుంది. ప్లాస్టిక్ పూత ఉన్నదీ, పాత బండి నుంచి ఊడదీసిందీ వద్దు. పూత కాలితే విషపు పొగ, లోపల బ్రేక్ ఆయిల్ మిగిలితే టంకం పట్టదు.

6061-టీ6 అనే గట్టి రకం అల్యూమినియం తేలికే. కానీ బిగుతుగా వంచితే పగులుతుంది, వెల్డింగ్ వేడికి అతుకు పక్కన మెత్తబడుతుంది. బోల్టులతో బిగించే డిజైన్ అయితేనే తీసుకోండి. పల్చటి ఇత్తడి ట్యూబు రూఫ్ ర్యాక్‌కి చాలు.

మిగ్ వెల్డింగ్ 0.7 గోడకి తేలిగ్గా చిల్లు పెడుతుంది. కాడ్మియం లేని 45 శాతం వెండి తీగతో బ్రేజింగ్ చేయండి, అంటే పైపుని కరిగించకుండా తీగనే టంకంలా కరిగించి అతకండి. ముందు అతుకు చుట్టూ 10 మి.మీ. మేర జింక్ పూతని ఎమ్రీ పేపర్‌తో పూర్తిగా తీసేయాలి, జింక్ కాలితే వచ్చే పొగ పీల్చకూడదు. పైపు చివర రెండో పైపు మీద అమిరేలా చేప నోరులా అరగదీయడానికి చైన్ రంపం పదును పెట్టే 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయి సరిగ్గా సరిపోతుంది. సందు 0.1 మి.మీ. దాటితే టంకం లోపలికి పాకదు, పైన ముద్దకడుతుంది.

రెండు వైపులా మూసుకుపోయే పైపుకి కనపడని చోట 1 మి.మీ. రంధ్రం తప్పనిసరి. లేకపోతే లోపల వేడెక్కిన గాలి కరిగిన టంకాన్ని తన్నుకుంటూ బయటికొచ్చి సూది బెజ్జం మిగులుస్తుంది. మంటని పైపు మీద ఆడించండి. అతుకుకి ముందే పూసిన ఫ్లక్స్ (టంకం పట్టేలా చేసే పేస్టు) తెల్లగా పొంగి, గాజులా తేటపడ్డాక తీగని అతుకుకి తాకించండి, మంటకి కాదు. సరిగ్గా వేడెక్కి ఉంటే సన్నటి వెండి గీత చుట్టూ తిరిగొస్తుంది.

చల్లారాక వేడి నీళ్లలో నానబెట్టి బ్రష్‌తో ఫ్లక్స్ మొత్తం వదిలించండి. కొంచెం మిగిలినా నెల తిరక్కుండానే పెయింట్ కింద తుప్పు ఉబ్బుతుంది.