కనజావా స్టేషన్: దిగగానే గొడుగు పట్టే ఊరు

అమ్మ విజయవాడ నుంచి టోక్యోలో మా ఇంటికి వచ్చి రెండు నెలలైంది. వెళ్లేలోపు ఒక్క ఊరన్నా తీరిగ్గా చూపిద్దామని నవంబర్ రెండో వారంలో కనజావా తీసుకెళ్లాను. మూడు రాత్రులు ఉన్నాం. తోటలూ కోటా చూశాం కానీ, ఎక్కువసేపు గడిపింది మాత్రం రైల్వే స్టేషన్‌లోనే. సగం వానవల్ల, సగం ఇష్టపడే.

టోక్యో నుంచి షిన్‌కాన్‌సెన్ (బుల్లెట్ రైలు)లో దాదాపు రెండున్నర గంటలు. టికెట్ మనిషికి 14 వేల యెన్ల పైచిలుకు. 2015 మార్చిలో ఈ లైను ఇక్కడిదాకా వచ్చింది. అంతకుముందు మధ్యలో రైలు మారి దాదాపు నాలుగు గంటలు కూర్చోవాల్సి వచ్చేదట. త్వరగా చేరే కగాయకి రైలులో అన్నీ రిజర్వేషన్ సీట్లే. అప్పటికప్పుడు వెళ్లి ఎక్కేద్దాం అనుకుంటే కుదరదు.

మా హోటల్ పడమర వైపు. స్టేషన్‌లో బోర్డుల మీద "కెన్‌రొకుఎన్ ద్వారం", "కనజావా రేవు ద్వారం" అని పెద్దగా రాసి ఉంటే, కెన్‌రొకుఎన్ తోట పేరు తెలిసినదే కదా అని అటు నడిచాను. అది తూర్పు ద్వారం. అమ్మని, రెండు సూట్‌కేసుల్ని పట్టుకుని హోటల్‌కి సరిగ్గా అవతలి వైపు తేలాను. బయట జోరుగా వాన.

కానీ తల మీద ఒక్క చుక్క పడలేదు. పైకి చూస్తే గాజు కప్పు, దాన్ని మోస్తూ అల్యూమినియం చట్రం. 2005లో కట్టిన ఈ డోమ్ పేరు మొతెనాషి, అంటే అతిథి మర్యాద. ఇక్కడ ఒక సామెత ఉంది: "అన్నం డబ్బా మర్చిపోయినా గొడుగు మర్చిపోకు." అంతగా వాన, మంచు కురిసే ఊరు. అందుకే రైలు దిగినవాళ్లకి ముందుగా గొడుగు పడదామన్న ఆలోచనతో ఈ కప్పు కట్టారు.

డోమ్ ముందు పెద్ద చెక్క ద్వారం, పేరు త్సుజుమి-మోన్. ఎత్తు 13.7 మీటర్లు. రెండు లావుపాటి స్తంభాలు, ఒక్కోటీ సన్నటి దూలాలన్నీ మెలితిప్పి పేనినట్టు ఉంటుంది. 'నో' అనే జపాన్ సంప్రదాయ నాటకంలో వాయించే త్సుజుమి అనే చిన్న డోలు ఆకారమట. నేను ఫోన్‌లో చూసి అదంతా చెప్పబోతుంటే అమ్మ, "ఒరేయ్, ఇది మన బుడబుక్కలాయన చేతిలో ఉండేదే కదరా" అంది. నిజమే, మధ్యలో సన్నగా, రెండు వైపులా వెడల్పుగా, అచ్చం అదే. ఆ తర్వాత మూడు రోజులూ మా ఇద్దరి మధ్య దాని పేరు బుడబుక్కే.

కట్టిన కొత్తలో, పాత ఊరికి ఈ గాజూ అల్యూమినియమూ నప్పవని చాలామంది స్థానికులు మూతి విరిచారట. యుద్ధంలో బాంబులు పడకుండా మిగిలిన ఊరు కాబట్టి ఆ బాధ అర్థం చేసుకోవచ్చు. నాకైతే పగలు అంతంతమాత్రంగా అనిపించింది. రాత్రి ఎనిమిదింటికి మళ్లీ వెళ్లాం. తడి నేల మీద దీపాలు, ఆ చెక్క రంగు చూశాక మాట మార్చుకున్నాను. పక్కనే నీటి గడియారం ఉంది. చిన్న చిన్న నీటి చిమ్ములే అంకెలై టైము చూపిస్తాయి, మధ్యమధ్య "స్వాగతం" అని జపనీస్‌లో రాస్తాయి. అమ్మ అక్కడ కదలకుండా పావుగంట నిలబడింది. కొంచెం అవతల నేలలోకి సగం కూరుకుపోయిన పెద్ద కెటిల్ బొమ్మ ఒకటి ఉంది. ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు.

ఇక తిండి. అమ్మ చేప కూడా తినదు, జపాన్‌లో అదే అసలు టెన్షన్. సూప్ నుంచి కూర దాకా అన్నిట్లో చేపల చారు ఉంటుంది. స్టేషన్ లోపలి అంతో బజారులో తినే చోట్లు చాలానే ఉన్నా, అమ్మకి దొరికినవి ఉమెబోషి ఊరగాయ పెట్టిన అన్నం ముద్దలు, స్వీట్లు. మిగతాది మేం తెచ్చుకున్న పులిహోర. నేను మాత్రం కనజావా కర్రీ తిన్నాను. నల్లగా చిక్కటి గ్రేవీ, పంది కట్లెట్, పక్కన తరిగిన క్యాబేజీ, అన్నీ స్టీలు ప్లేటులో! తినడానికి ఫోర్కు ఇస్తారు. జపాన్‌లో స్టీలు ప్లేటు చూసి అమ్మకి వచ్చిన సంతోషం నాకు కర్రీ వల్ల రాలేదు, కాస్త ఉప్పెక్కువ. అక్కడ కొనాల్సింది కగా బోచా, తేయాకు కాడల్ని వేయించి చేసే టీ. శనగలు వేయించిన వాసన వస్తుంది. అమ్మ రెండు ప్యాకెట్లు కొని, పాలు పోస్తే ఎలా ఉంటుందో ఇంటికెళ్లి చూస్తానంది.

ఒమిచో మార్కెట్ నడిచి పావుగంట. నవంబర్ 6 నుంచి పీతల సీజన్, కాబట్టి జనమూ ధరలూ రెండూ ఎక్కువే. చేపలు తినేవాళ్లకి సరే, మేం అరగంటలో బయటపడ్డాం. కెన్‌రొకుఎన్‌కి తూర్పు ద్వారం ముందు బస్సు ఎక్కాలి. వెనక తలుపులో ఎక్కి నంబరు చీటీ తీసుకోవాలి, దిగేటప్పుడు డ్రైవర్ పక్కన డబ్బాలో సరిపడా చిల్లర వెయ్యాలి. నోటు మార్చే మిషన్ అక్కడే ఉంటుంది, కానీ దిగే క్షణంలో దాంతో తంటాలు పడొద్దు, ముందే మార్చుకోండి. పొద్దున పదికి క్యూ పెద్దది, ఎనిమిదిన్నరకి సీటు దొరికింది. మంచు బరువుకి కొమ్మలు విరగకుండా అక్కడి పైన్ చెట్లకి శిఖరం నుంచి గొడుగు ఊచల్లా తాళ్లు కడతారు. ఆ ఒక్క దృశ్యానికే వెళ్లినా చాలు.

బస గురించి. మొదటి రెండు రాత్రులు స్టేషన్ పక్క బిజినెస్ హోటల్. రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరవలేనంత గది, పైగా మూడింటిదాకా తాళం ఇవ్వలేదు. సామాను మాత్రం పెట్టుకున్నారు. మూడో రాత్రి పాత టీ ఇళ్లుండే హిగాషి చాయా వీధి దగ్గర పాత చెక్క ఇల్లు. ఫోటోల్లో స్వర్గం. మెట్లు నిచ్చెనలా నిటారు, పడక నేల మీద. అమ్మ మోకాళ్లు రాత్రంతా మాట్లాడాయి. పెద్దవాళ్లతో వస్తే స్టేషన్ దగ్గరే ఉండండి, ఇరుకైనా సరే. కుర్రాళ్లయితే చెక్క ఇల్లే.

తర్వాత క్యోటో వెళ్లాలి. ఇదివరకు ఇక్కడి నుంచి నేరుగా ఎక్స్‌ప్రెస్ ఉండేది. 2024 మార్చిలో షిన్‌కాన్‌సెన్‌ని త్సురుగా దాకా పొడిగించాక, అక్కడ దిగి థండర్‌బర్డ్ అనే ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. మారడానికి ఎనిమిది నిమిషాలే. షిన్‌కాన్‌సెన్ పైన, అది కింద. రైలు రైలంతా ఒకేసారి ఎస్కలేటర్ల మీద పడుతుంది. పరుగు అక్కర్లేదు, బోర్డులు బాగున్నాయి, కానీ సామానుంటే గుండె కొట్టుకుంటుంది. ఎక్కి కూర్చున్నాక లెక్క చూసుకున్నాం. సూట్‌కేసులు రెండు, టీ ప్యాకెట్లు, పులిహోర డబ్బా అన్నీ ఉన్నాయి. మొదటి రోజు కొన్న పారదర్శకపు గొడుగు మాత్రం పై రైల్లో అటకమీదే ఉండిపోయింది.