9 మిల్లీమీటర్ల రివెట్ గొలుసు చొక్కా: పెట్టిన డబ్బుకు తగ్గ సరుకేనా?

మధ్యయుగ యూరప్ నైట్ల కవచాల నమూనాలు కొనేవాళ్లు చాలామంది గొలుసు చొక్కాతోనే (ఉక్కు రింగుల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి అల్లిన చొక్కా, చైన్ మెయిల్) మొదలుపెడతారు. బజారులో ఇప్పుడు ఎక్కువగా నడుస్తున్న రకం ఇది: మైల్డ్ స్టీలు, రింగు లోపలి వ్యాసం 9 మిల్లీమీటర్లు, మందం 18 గేజ్ (సుమారు 1.2 మిల్లీమీటర్లు). ఒక వరస రివెట్ (చిన్న మేకు లాంటిది) కొట్టి మూసిన చదును రింగులు, తర్వాతి వరస రేకులోంచి గుద్ది తీసిన అతుకులేని రింగులు. ప్రతి రింగూ చుట్టూ ఉన్న నాలుగింటితో కలుస్తుంది. చేతులు మోచేతి దాకా, పొడవు తొడల మధ్య దాకా. సైజును బట్టి 8 నుంచి 11 కిలోలు తూగుతుంది. చేతిపని ఎక్కువగా మన ఉత్తరాది వర్క్‌షాపులదే. సరుకు మంచిదే, కొనొచ్చు. కాకపోతే చంకల దగ్గర కోత బాగోదు, మధ్యమధ్య సరిగ్గా నలగని కచ్చా రివెట్లు తగులుతాయి. రెండూ మన చేతుల్లో సరయ్యేవే.

ఇంతకంటే చవగ్గా రివెట్ లేని రకం వస్తుంది. తీగను గుండ్రంగా వంచి, కొసలు రెండూ ఎదురెదురుగా ఆనించి వదిలేస్తారు. దాని జోలికి పోకండి. చొక్కా తన బరువుకే భుజాల దగ్గర విచ్చుకుంటుంది, తొడిగి విప్పిన ప్రతిసారీ రింగులు రాలతాయి. విచ్చుకోకుండా తీగ మందం పెంచితే బరువు పెరుగుతుంది. కేవలం ఫొటోలకూ నాటకానికీ అయితే అల్యూమినియం రింగులు నయం, ఉక్కు బరువులో మూడో వంతే.

పార్సిల్ విప్పగానే ఒక్క రివెట్ రింగును దగ్గరగా చూడండి. తీగ కొసలు రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి, అక్కడ వెడల్పుగా నలిగి ఉండాలి. ఆ చదునులో చిన్న చీలిక, అందులోంచి త్రికోణపు రివెట్. రివెట్ లోపలి వైపు నుంచి దూరి, బయటి వైపు బొడిపెలా నలుగుతుంది. అందుకే రింగు లోపలి వైపు నున్నగా, బయటి వైపు గరుకుగా ఉండాలి. చీలిక మరీ అంచుకు పోతే అక్కడ రింగు చిట్లుతుంది. సరిగ్గా నలగని రివెట్ రెండు మూడు వాడకాల్లోనే జారిపోతుంది. చొక్కాను తెల్ల దుప్పటి మీద పరిచి, పాత నైలాన్ గుడ్డతో ఒక్కో జానెడు మేరా తుడుచుకుంటూ పోండి. గుడ్డ పట్టుకున్న చోటల్లా దారం ముడి వేసి గుర్తు పెట్టండి. 20 వేలకు అటూ ఇటూగా రింగులుండే సరుకులో కొన్ని చెడ్డవి రావడం మామూలే. భుజం మీదా చంక కిందా గుంపుగా వస్తే మాత్రం వెనక్కి పంపేయండి.

సైజు తప్పేది కొలత దగ్గరే. ఒంటి మీద కాదు, లోపల తొడిగే మెత్త కోటు (గాంబెసన్) మీద ఛాతీ కొలిచి, దానికి 15 నుంచి 20 సెంటీమీటర్లు కలపండి. ఈ కోటు లేకుండా చొక్కా కొనడం దండగ. గొలుసు కత్తి కోతను ఆపుతుంది, దెబ్బ అదురును ఆపదు. ఎముక విరగకుండా కాసేది మెత్తే. తొడిగాక నడుముకు బెల్టు బిగించి, పైభాగాన్ని కాస్త పైకి లాగి బెల్టు మీదికి వదలాలి. సగం బరువు తుంటి మీదికి దిగుతుంది, భుజాలు తేలికపడతాయి.

ఇక చంకలు. ఈ చొక్కాను ఇంగ్లిష్ టీ అక్షరంలా నిలువుగా, అడ్డంగా కోసేస్తారు. చెయ్యెత్తితే చొక్కా మొత్తం పైకి లేస్తుంది. పాతకాలపు పనివాళ్లు రింగులు పెంచుతూ, తగ్గిస్తూ ఒంటికి తగ్గట్టు మలిచేవాళ్లు. ఇప్పుడు మనం చేయగలిగింది చంక కింద 10 సెంటీమీటర్ల డైమండ్ ముక్క అతకడం. అతుకు గీత వెంట రివెట్ రింగుల్నే కటింగ్ ప్లయర్‌తో తుంచండి, అతుకులేనివి అలాగే ఉంచండి. ముక్కలో వరసలు చొక్కా వరసల దిశలోనే ఉండాలి. అడ్డం తిరిగితే అక్కడ అల్లిక విచ్చుకుని వేలాడుతుంది. విడి రింగులూ, రివెట్లూ, రివెట్ నొక్కే పటకారూ చొక్కాతోపాటే ఆర్డరు పెట్టండి. తర్వాత కొంటే సైజు కలవదు.

తుప్పు సంగతి. కొత్త చొక్కా నూనెతో జిడ్డుగా వస్తుంది. వేడినీళ్లు, గిన్నెల సబ్బుతో కడిగి, వెంటనే ఎండలో పూర్తిగా ఆరబెట్టి, పలచగా మెషిన్ ఆయిల్ పట్టించండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రగాలి ఊళ్లలో వారానికోసారి చూసుకోవాలి. తుప్పు పడితే పొడి ఇసుకతో సంచిలో వేసి దొర్లించండి, ఆ కాలంలో పీపాల్లో వేసి ఇలాగే దొర్లించేవాళ్లు. హ్యాంగరుకు వేలాడదీయొద్దు, భుజాల రింగులు సాగుతాయి.

ఏ కాలపు వేషానికి పనికొస్తుందన్నది చాలామంది అడగరు, అడగాల్సిందే. ఒక వరస విడిచి ఒక వరస అతుకులేని రింగులు 14వ శతాబ్దం దాకా మామూలే. త్రికోణపు రివెట్లు మాత్రం ఆ శతాబ్దంలో వ్యాపించినవి. 1066లో ఇంగ్లండును గెలిచిన నార్మన్ల నైటు వేషం కావాలంటే గుండ్రని రివెట్ల రకం అడగండి. ఈ చొక్కాకు సరైన జోడీ 1361లో స్వీడన్ వైపు జరిగిన విస్బీ యుద్ధం నాటి వేషం. గాట్లాండ్ దీవిలోని ఆ సామూహిక సమాధుల్లో గొలుసు తలతొడుగులతోపాటు, లోపల ఇనుప పలకలు బిగించిన కోట్లు కూడా దొరికాయి. సూదిమొన ఆయుధం పోటుకు రింగు తెగుతుంది, అందుకే గొలుసు మీదికి పలకలు వచ్చాయి. ఆ తరహా పలకల కోటు ఈ చొక్కా మీద చక్కగా కూర్చుంటుంది. 15వ శతాబ్దపు మిలాన్ (ఇటలీ) ప్లేట్ కవచం, అంటే ఒళ్లంతా ఉక్కు పలకలతో కప్పే రకం, కొనే ఆలోచనుంటే ఈ చొక్కా తీసుకోవద్దు. అప్పటికి గొలుసు చాలావరకు చంకలు, మోచేతి మడతలు, గజ్జల దగ్గర ముక్కలుగానే మిగిలింది, ఆ ముక్కల్ని లోపలి కోటుకే కుట్టేవాళ్లు. నిండు చొక్కా మీద నడుము దగ్గర బిగుతుగా ఉండే ఛాతీ పలక మూసుకోదు.