గేమింగ్ పీసీ ఉన్నట్టుండి ఆగిపోతుంటే: షాపుకి ఇవ్వడమా, పార్టు మార్చడమా, లోపాన్ని ఇంట్లో పట్టుకోవడమా?

రోహిణీ కార్తెలో ఒక రాత్రి గుంటూరు బ్రాడీపేట నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, మళ్లీ పోయింది. ఈసారి గేమ్ కూడా ఆడట్లేదు, పాట వింటుంటే నీలం స్క్రీన్ వచ్చేసింది." వెనక నుంచి పిన్ని గొంతు: "డెబ్బై వేలు పోశామే తల్లీ, ముందు ఆ షాపులో పడేసి రమ్మని చెప్పు." వాడి స్నేహితుల్లో ఒకడు ఫార్మాట్ కొట్టమన్నాడట, ఒకడు ర్యామ్ మార్చమన్నాడట, ఇంకొకడు ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని పీసీ పార్టులకు తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా) మార్చమన్నాడట.

పార్టులు కొనుక్కుని సొంతంగా బిగించుకున్న పీసీ ఇలా మొండికేస్తే అందరికీ వినపడే సలహాలు ఇవే. అంతకు రెండేళ్ల ముందు బెజవాడలో మా ఇంట్లో ఇదే బాధ పడి వీటిలో చాలా వరకు చేసి చూశాను. అందుకే నా అభిప్రాయం ముందే చెబుతాను. అసలు ఆన్ కాని కంప్యూటర్‌ని నేరుగా షాపుకి తీసుకెళ్లండి. ఆన్ అయి, గంటలకొద్దీ బాగా నడిచి, తనకు తోచినప్పుడు ఆగిపోయేదాన్ని మాత్రం ముందు ఇంట్లోనే పట్టుకోవాలి. పార్టు కొనడం అన్నింటికన్నా చివర.

షాపు సంగతి మొదట. మాది సత్యనారాయణపురంలో పై అంతస్తు, నెత్తిన డాబా తప్ప ఇంకేం లేదు. సాయంత్రం ఏడు దాటాక గేమ్ మొదలుపెడితే అరగంటకో గంటకో స్క్రీన్ నల్లబడి పీసీ తనంతట తనే రీస్టార్ట్ అయ్యేది. విండోస్ క్రాష్ అయితే వచ్చే నీలం స్క్రీన్ లేదు, ఎర్రర్ లేదు. షాపులో ఇస్తే రెండు రోజులు పెట్టుకుని, స్ట్రెస్ టెస్టులు పెట్టి, "మా దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదమ్మా, అంతా బాగుంది" అని తిరిగి ఇచ్చారు. ఇంటికి తెచ్చిన రోజు రాత్రే మళ్లీ ఆగింది. నాకు చాలా కోపం వచ్చింది. కానీ తర్వాత ఆలోచిస్తే వాళ్లు చెప్పింది అక్షరాలా నిజం. వాళ్ల దగ్గర అది ఆగదు. వాళ్ల గది ఏసీలో 24 డిగ్రీల్లో ఉంటుంది. మే నెలలో మా గది రాత్రి ఎనిమిదికి కూడా 38కి తగ్గదు. గది ఎంత వేడెక్కితే లోపలి చిప్పులూ దాదాపు అంతే వేడెక్కుతాయి. అక్కడ 75 డిగ్రీల్లో ఉన్న ప్రాసెసర్ మా ఇంట్లో 89కి చేరుతుంది. అక్కడి ప్లగ్గు వేరు, ఎర్తింగు వేరు, కరెంటు వేరు. వాళ్లు చూసేది కంప్యూటర్‌ని ఒక్కదాన్నే. ఆగిపోతున్నది మాత్రం ఆ కంప్యూటర్, ఆ గది, ఆ గోడ ప్లగ్గు కలిసిన చోట. ఆటోనగర్‌లో మెకానిక్ ముందు బండి పెట్టగానే శబ్దం ఆగిపోవడం చూసినవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది.

ఆ కోపంలోనే రెండో దారి పట్టాను. విండోస్ తన సంగతులు రాసుకునే చిట్టా, ఈవెంట్ వ్యూయర్‌లో ప్రతి రీస్టార్ట్ దగ్గరా కెర్నల్ పవర్ 41 అని ఎర్రగా కనిపించింది. పవర్ అని ఉంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ పోయిందనుకుని ఏడు వేలు పెట్టి కొత్త 750 వాట్లది తెచ్చాను. ఇక్కడ చాలామంది పొరబడతారు, కాస్త ఆగి చదవండి. 41 అంటే ఎస్‌ఎంపీఎస్ చెడిపోయిందని కాదు. "నన్ను సరిగ్గా షట్‌డౌన్ చేయకుండానే మళ్లీ ఆన్ చేశారు" అని విండోస్ రాసుకున్న మాట అది. కరెంటు పోయినా, సిస్టమ్ గట్టిగా బిగుసుకుపోయినా, మీరే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేసినా అదే నంబర్ వస్తుంది. వివరాల్లో బగ్‌చెక్ కోడ్ (నీలం స్క్రీన్ ఎర్రర్ నంబర్) సున్నా ఉంటే, నీలం స్క్రీన్ వేసేంత వ్యవధి కూడా విండోస్‌కి దొరకలేదని మాత్రమే తేలుతుంది.

కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో రెండు రోజులు హాయిగా నడిచింది. మూడో రాత్రి మళ్లీ నలుపు.

ఆ రాత్రి విసుగొచ్చి వైర్లన్నీ పీకేస్తుంటే దొరికింది అసలు సంగతి. మంచం కింద ఉన్న ఆరు ప్లగ్గుల ఎక్స్‌టెన్షన్ బాక్సులోంచి పీసీ ప్లగ్గు లాగితే, మూడు పిన్నుల్లో ఒకటి గోధుమ రంగులోకి మారి ఉంది. ముట్టుకుంటే వేడి. సాకెట్ రంధ్రం అంచున ప్లాస్టిక్ కొంచెం కరిగి లోపలికి వాలింది. పిన్ను పెట్టి కదిపితే వదులుగా ఊగింది. గేమ్ ఆడేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ వదులు పిన్ను దగ్గర సరఫరా క్షణకాలం తెగుతుంది. గోడ నుంచి కరెంటు తెగితే ఎస్‌ఎంపీఎస్ లోపలి కెపాసిటర్లు పీసీని నిలబెట్టేది దాదాపు 16 మిల్లీ సెకన్లే. అంతకు మించితే రీస్టార్టే. ప్లగ్గుని గోడలోని 16 ఆంపియర్ల సాకెట్‌కి మార్చాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆగలేదు. పాత ఎస్‌ఎంపీఎస్ మళ్లీ పెట్టి చూశాను, దానితోనూ ఆగలేదు. ఏడు వేలు ఊరికే పోయాయి. డబ్బా సీల్ తీశాక షాపువాళ్లు వెనక్కి తీసుకోరు కదా.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. చాలా ఇన్వర్టర్ల వెనక నార్మల్, యూపీఎస్ అని చిన్న స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారేందుకు పట్టే సమయం ఫ్యాన్లకు సరిపోతుంది, పీసీకి సరిపోకపోవచ్చు. దాన్ని యూపీఎస్ వైపు పెట్టుకోవాలి. క్యాబినెట్ మీద చెయ్యి పెడితే చిన్నగా షాక్ కొడుతుంటే ఎర్తింగ్ లేదని అర్థం. దానికి ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి, పీసీ షాపుని కాదు.

పార్టు మార్చి చూడటం తప్పని నేననను. కొని మార్చడమే తప్పు, అరువు తెచ్చి మార్చడం మంచి పద్ధతి. స్నేహితుడి ఎస్‌ఎంపీఎస్ రెండు రోజులు అడిగి తెచ్చుకుని ఉంటే నాకు జవాబు ఉచితంగా తెలిసేది. ఒక్క హెచ్చరిక: మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ (వైర్లు విడిగా ఊడదీసి పెట్టుకునేది) అయితే దాని వైర్లు దానికే వాడాలి. కనెక్టర్లు ఒకేలా ఉన్నా లోపలి వైరింగ్ వేరుగా ఉండొచ్చు, డ్రైవులూ బోర్డూ కాలిపోతాయి.

ఫార్మాట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అందరూ మొదట చెప్పేది అదే, నేనైతే చివరికి ఉంచుతాను. నీలం స్క్రీన్ వచ్చినప్పుడు విండోస్ దాచిపెట్టే మినీడంప్ ఫైళ్లు, పాత ఎర్రర్ల చరిత్ర, అంటే మనకున్న సాక్ష్యమంతా ఫార్మాట్‌తో తుడిచిపెట్టుకుపోతుంది. మెమరీ టెస్టూ వేడీ బాగున్నాయని తేలాక చేస్తే అర్థం ఉంది.

ఇక ఇంట్లో పట్టుకోవడం. మా తమ్ముడి పీసీ ఇలాగే తేలింది కాబట్టి వాడికి చెప్పిన వరుసలోనే చెబుతాను. వాడిది రైజెన్ 5 5600, ఎనిమిది జీబీ ర్యామ్‌లు రెండు, 3600 స్పీడువి.

"ముందు ఏమేం మార్చావో అన్నీ వెనక్కి తీసేయ్" అన్నాను. "నేనేం మార్చలేదక్కా" అన్నాడు. కానీ బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేశాడు. అది మార్పు కాదని చాలామంది అనుకుంటారు. ఆ ప్రాసెసర్‌కి ఏఎండీ అధికారికంగా చెప్పేది 3200 వరకే, 3600 అంటే ఓవర్‌క్లాక్ (చెప్పిన హద్దు కన్నా వేగంగా నడపడం) కిందే లెక్క. ఎక్స్‌ఎంపీ, గ్రాఫిక్స్ కార్డు ఓవర్‌క్లాక్, అండర్‌వోల్ట్ (వోల్టేజీ తగ్గించి నడపడం) అన్నీ తీసేసి రెండు రోజులు చూడాలి. రైజెన్‌లో కర్వ్ ఆప్టిమైజర్ అనే వోల్టేజీ సెట్టింగ్‌ని ఎక్కువ తగ్గించినవాళ్లకు గేమ్‌లో ఏమీ కాదు, ఖాళీగా డెస్క్‌టాప్ మీద ఉన్నప్పుడు ఆగిపోతుంటుంది. అలాంటప్పుడు గ్రాఫిక్స్ కార్డుని అనుమానించి ఏం లాభం?

రెండోది, ఒక కాగితం. ఎప్పుడు ఆగింది, ఏం చేస్తుంటే ఆగింది, స్క్రీన్ మీద ఏముంది. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని కొడితే రోజువారీ క్రాష్‌ల పట్టిక వస్తుంది, దాన్ని చూసి రాసుకోవచ్చు. తమ్ముడు వారం రోజులకు రాసింది చూస్తే ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అని నీలం స్క్రీన్, ఒకసారి ఐఆర్‌క్యూఎల్ అని నీలం స్క్రీన్, ఒకసారి గేమ్ దానంతటది మూసుకుపోవడం, ఇంకోసారి క్రోమ్ ట్యాబ్ చచ్చిపోవడం. ఎర్రర్ ప్రతిసారీ మారుతుంటే నేను మొదట అనుమానించేది ర్యామ్‌నే. మెమరీలో ఒక చోట పాడైతే, ఆ చోట ఆ క్షణంలో ఏ ప్రోగ్రామ్ కూర్చుంటే అది పడిపోతుంది. అందుకే పేర్లు మారతాయి. ఎర్రర్ ఎప్పుడూ ఒకటే అయితే డ్రైవరో, ఆ ఒక్క గేమో. స్క్రీన్ రెండు మూడు సెకన్లు నల్లబడి తిరిగి వచ్చి, ఈవెంట్ వ్యూయర్‌లో డిస్‌ప్లే 4101 ఉంటే గ్రాఫిక్స్ వైపు చూడాలి. కార్డు రెండు సెకన్లలో జవాబివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ని రీసెట్ చేస్తుంది, ఆ నలుపు అదే. డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ (WHEA-Logger) పేరుతో ఎర్రర్లు పడుతుంటే హార్డ్‌వేర్ తనే ఫిర్యాదు చేస్తోందని, ఎక్కువగా ప్రాసెసర్ వైపని అనుకోవాలి. మాటా పలుకూ లేకుండా నల్లబడి రీస్టార్ట్ అయితే నా కథే, కరెంటు దారి మొత్తం చూడాలి.

స్క్రీన్ మీది మాటని అలాగే నమ్మకూడదు కూడా. ఇంటెల్ 13, 14 తరాల కొన్ని డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఇది బాగా బయటపడింది. అన్‌రియల్ ఇంజిన్ గేమ్‌లు "వీడియో మెమరీ చాలలేదు" అంటూ మూసుకుపోయేవి. అది చూసి గ్రాఫిక్స్ కార్డు మార్చినవాళ్లున్నారు, తప్పు మాత్రం ప్రాసెసర్‌ది. ఎక్కువ వోల్టేజీ వెళ్లడం వల్ల చిప్పులు దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుని, ఆగస్టులో మైక్రోకోడ్ (బయోస్ ద్వారా ప్రాసెసర్‌కి అందే సవరణ) అప్‌డేట్ ఇచ్చి, వారంటీ రెండేళ్లు పెంచింది. ఆ చిప్పు ఉంటే బయోస్ అప్‌డేట్ చేయడం మొదటి పని. అప్పటికే దెబ్బతిన్న చిప్పుని అప్‌డేట్ బాగు చేయదు, వారంటీకి పంపాల్సిందే.

తమ్ముడి దగ్గర ఎక్స్‌ఎంపీ తీశాక క్రాష్‌లు తగ్గాయి, పోలేదు. పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 వేసి రాత్రి పడుకోబోయే ముందు పెట్టమన్నాను. పదకొండున్నరకి వీడియో కాల్ చేశాడు. నల్లటి స్క్రీన్ మీద ఎర్రటి గీతలు ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి, ఎర్రర్ల అంకె పెరుగుతూనే ఉంది. "ఎన్ని వస్తే తప్పక్కా?" అన్నాడు. ఒక్కటి వచ్చినా తప్పే. సున్నా తప్ప ఏ అంకె వచ్చినా ఆ మెమరీని నమ్మలేం. మర్నాడు ఒక్కో ర్యామ్‌ని విడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి పరీక్షించాడు. ఒకటి నాలుగు పాస్‌లూ (పాస్ అంటే మొత్తం మెమరీని ఒక చుట్టు పరీక్షించడం) శుభ్రంగా దాటింది. రెండోది పది నిమిషాల్లోనే ఎర్రబడింది. ఒకే స్లాట్ అనడం ఎందుకంటే, స్లాట్ కూడా మారిస్తే తప్పు ర్యామ్‌దో బోర్డుదో తెలియదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి.

అప్పుడు వాడు షాపుకి వెళ్లాడు. చేతిలో బిల్లు, ఫోన్‌లో ఎర్ర గీతల ఫోటో, ఏ ర్యామ్ అని స్కెచ్ పెన్నుతో పెట్టిన గుర్తు. క్యాబినెట్ మోసుకెళ్లే పనే లేదు. అంతకు ముందు నెలలో అదే షాపు మూడు రోజులు పెట్టుకుని ఏమీ లేదని పంపింది. ఈసారి పది నిమిషాల్లో వారంటీకి తీసుకున్నారు. షాపుని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. తప్పు ఇదీ అని చూపిస్తే వాళ్లు చేయగలిగింది చాలా ఉంది. మదర్‌బోర్డుని అనుమానించాల్సి వచ్చినప్పుడు, మార్చి చూడటానికి ఇంకో ప్రాసెసర్ లేనప్పుడు, కాలిన వాసన వచ్చినప్పుడు వాళ్లే దిక్కు. వాసన వస్తే ఇంట్లో పరీక్షలు కూడా వద్దు, ప్లగ్గు తీసేయండి.

వేడి పరీక్ష సులువు. లోపలి వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచి గేమ్ ఆడి, ఆగేముందు అంకెలెంతో చూడాలి. క్యాబినెట్ పక్క తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టి ఆడితే ఆగడం మానేసిందంటే వేడే కారణం. దుమ్ము దులపాలి, థర్మల్ పేస్ట్ మార్చాలి. అయితే ప్రాసెసర్లు వేడెక్కగానే ఆగిపోవు, ముందు వేగం తగ్గించుకుంటాయి. గేమ్ నత్తలా నడవకుండానే ఠక్కున ఆగుతుంటే నేను వేడిని రెండో అనుమానంగానే పెడతాను, మన ఊళ్లో ఎండలు ఎంత ఉన్నా సరే.

ఖర్చు లెక్క చూస్తే ఇంటి పరీక్షకి ఒక పెన్‌డ్రైవ్, రెండు రాత్రులు, ఓపిక. షాపుకి నాలుగైదు రోజులు, సర్వీస్ చార్జీ, జవాబు రాకపోవచ్చు. కొత్త పార్టుకి వేలు, గురి తప్పితే ఆ వేలు పోయినట్టే. కంప్యూటర్ విప్పాలంటే చేతులు వణికేవాళ్లు కూడా ఎక్స్‌ఎంపీ తీయడం, కాగితం రాయడం, మెమ్‌టెస్ట్ పెట్టడం, ప్లగ్గు మార్చడం వరకు చేయగలరు. వీటికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు.

మూడు వారాలకు తమ్ముడికి మారు ర్యామ్ వచ్చింది. అప్పటిదాకా మిగిలిన ఎనిమిది జీబీతోనే ఒక్క క్రాష్ లేకుండా ఆడుకున్నాడు. కొత్తది పెట్టగానే గేమ్ తెరవలేదు. ఆ రాత్రి మళ్లీ మెమ్‌టెస్ట్ పెట్టి పడుకుని, పొద్దున్నే నాకు ఫోటో పంపాడు. నాలుగు పాస్‌లు, ఎర్రర్లు సున్నా.