గుర్రానికి బిజినెస్ క్లాసు, మాకు బకెట్ వేణ్ణీళ్ళు

నెదర్లాండ్స్‌లో గుర్రం కొన్నాం, విమానంలో ఢిల్లీలో దింపాం, లారీలో హైదరాబాద్ తెచ్చాం. ఎలా జరిగిందని ఎవరడిగినా నా నోట్లోంచి ముందు ఢిల్లీ లాడ్జి సంగతే వస్తోంది. మా ఆయన పక్కనుంటే "గుర్రం గురించి చెప్పవే తల్లీ" అని గుర్తుచేయాల్సి వస్తోంది. సరే, వరసగానే చెప్తాను.

మా అమ్మాయికి పదిహేడేళ్ళు. మొయినాబాద్ దగ్గర ఏడేళ్ళుగా రైడింగ్ నేర్చుకుంటోంది. రేసులు మానేసిన గుర్రాల మీదే జంపింగ్ కూడా నేర్చుకుంది. మీటరు దాకా దూకించేది, ఆ పైన పాత గుర్రం మొరాయించేది. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన డ్రెస్సేజ్ (గుర్రం చేత తీరుగా అడుగులు వేయించే పోటీ) జట్టుకి బంగారు పతకం వచ్చింది చూడండి, ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే మాట: వార్మ్‌బ్లడ్, అంటే ఇలాంటి పోటీల కోసం యూరప్‌లో పెంచే జాతి గుర్రం. మా ఆయన ఆడిటర్. మొదటి నెల "ఎంతవుతుంది" అని కూడా అడగలేదు. రెండో నెల అడిగి, రెండు రోజులు మాట్లాడలేదు. మూడో నెల ఎక్సెల్ షీటు తెరిచాడు. అప్పుడే అనుకున్నాను, ఇక కొన్నట్టే అని.

2024 దసరా సెలవుల్లో ముగ్గురం వెళ్ళాం. నెదర్లాండ్స్‌లో ఎనిమిది రోజులూ హాయిగా గడిచిపోయాయి, చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. ఎర్మెలో ఊరి దగ్గర ఒక రైతు ఇంట్లో గది, రోజుకి 95 యూరోలు, గది శుభ్రం, మనుషులు మర్యాద. పొద్దున్నే బ్రెడ్డు మీద వెన్న రాసి చాక్లెట్ పలుకులు చల్లుకుని తింటారు. మా అమ్మాయికి పండగే. మా ఆయన మూడో రోజు నుంచి ఆ బ్రెడ్డుకే ఆవకాయ రాసుకున్నాడు.

ఎర్మెలోలోనే అక్కడి వార్మ్‌బ్లడ్ గుర్రాల వంశావళి రాసే సంస్థ, కేడబ్ల్యూపీఎన్, ఆఫీసు ఉంది. వాళ్ళ పద్ధతి నాకు భలే నచ్చింది. ఏ ఏడాది పుట్టిన పిల్లలన్నిటికీ ఆ ఏడాది అక్షరంతోనే పేరు పెట్టాలి. 2017 అయితే ఎం. పేరు వింటే చాలు, వయసు తెలిసిపోతుంది. అమ్మేవాడు "ఆరేళ్ళదేనండీ" అనడానికి వీల్లేదు.

కొనేటప్పుడు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. పరీక్ష చేసే డాక్టర్ని మీరే కుదుర్చుకోండి, అమ్మేవాళ్ళు చూపించిన డాక్టరు వద్దు. మాకు ఎక్స్‌రేలతో కలిపి 1,150 యూరోలైంది. మొదట చూసిన నల్లగుర్రం ఎంత అందగాడో! మా అమ్మాయి అప్పటికే దాని మెడ పట్టుకుని ఫొటోలు దిగింది. డాక్టరు వెనక కాలు పైకి మడిచి నిమిషం సేపు అలాగే పట్టుకుని, వదిలిన వెంటనే పరుగెత్తించాడు. మొదటి నాలుగు అడుగులు కుంటింది. అమ్మేవాడు "పొద్దున సరిగ్గా వార్మప్ కాలేదు" అన్నాడు. డాక్టరు ఏమీ అనకుండా కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మా అమ్మాయి కారులో ఏడ్చింది. ఆ 1,150 యూరోలకి నేను ఏ రోజూ బాధపడలేదు.

రెండోది దొరికింది. రంగు ఎరుపు, నుదుట తెల్లమచ్చ, ఎత్తు 168 సెంటీమీటర్లు, 2017లో పుట్టింది, పేరు మార్కో. 24,000 యూరోలన్నారు, 22,500కి తెగింది.

తర్వాత పర్మిట్. కేంద్ర పశుసంవర్ధక శాఖ ఇచ్చే శానిటరీ ఇంపోర్ట్ పర్మిట్ లేకుండా గుర్రం విమానం ఎక్కదు. మాకు ఆరు వారాలు పట్టింది. దానికి తోడు అక్కడ విడిగా ఉంచడం, రక్త పరీక్షలు, పాస్‌పోర్టు, మెడలో మైక్రోచిప్. ఇంకో సంగతి మాకు ముందు ఎవరూ చెప్పలేదు. ఇక్కడికి వచ్చిన గుర్రాన్ని పోటీల కోసం మళ్ళీ యూరప్ పంపడం చాలా కష్టం, రోగాల నిబంధనలు అడ్డం. ఆ పతకం తెచ్చిన పిల్లలు యూరప్‌లోనే ఉండి సాధన చేసింది ఊరికే కాదు. మీ పిల్లల చూపు అంత దూరం ఉంటే గుర్రాన్ని తేకండి, పిల్లల్నే పంపండి.

విమానంలో గుర్రాలకీ క్లాసులున్నాయి. ఒక పెట్టెలాంటి స్టాల్‌లో మూడు గుర్రాలు నిలబడితే ఎకానమీ, రెండైతే బిజినెస్, ఒక్కటే అయితే ఫస్ట్. మాది బిజినెస్, 9,800 యూరోలు. బెల్జియంలో లియేజ్ అనే ఊరి విమానాశ్రయం నుంచి ఎక్కింది. అక్కడ గుర్రాలు ఆగి సేదదీరడానికి ఏకంగా హోటలే ఉంది. ముందు వేలాడే వలలో ఎండుగడ్డి, వేళకి నీళ్ళు, పక్కన ఒక మనిషి. మేము ఎకానమీలో మోకాళ్ళు ముడుచుకుని వచ్చినవాళ్ళం కదా, ఆ ఫొటోలు చూసి మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు ఢిల్లీ.

దిగుమతి గుర్రాల్ని కాపషేరాలో కేంద్రం క్వారంటైన్‌లో ఉంచుతారు. మాకు 30 రోజులు. 2025 జనవరి మూడో వారంలో గుర్రం దిగే ముందురోజు మా ఆయనా, నేనూ, గుర్రాన్ని చూసుకునే మా సైసూ చేరాం. క్వారంటైన్‌కి "అయిదు నిమిషాల నడక" అని ఆన్‌లైన్‌లో చూసి లాడ్జి బుక్ చేశాను. గదికి రోజుకి 1,650. పేరు చెప్పను, బోర్డు మీద రెండు అక్షరాలు ఎలాగూ వెలగవు. అయిదు నిమిషాలు కాదు, ఇరవై రెండు. దారిలో మురుగు కాలవ మీద వేసిన పలక దాటాలి.

కౌంటర్లో మేనేజరు ఏ పని మీద వచ్చారని అడిగాడు. మా సైసు గొప్పగా "ఘోడా" అన్నాడు. అంతే, రేటు 2,800 అయింది. ఎందుకంటే గుర్రం వాళ్ళొస్తే దుప్పట్లు వాసనేస్తాయట. గుర్రం ఇంకా గల్ఫ్‌లో ఎక్కడో ఆగి ఉంది నాయనా అన్నాను. వినలేదు. పైగా ఆ దుప్పటి మాకంటే ముందే వాసనేస్తోంది. తడిసి ఆరని వాసన, అంచున ఎవరిదో గోరింటాకు మరక. గదిలో గీజరు ఉంది, వైరు లేదు. వేణ్ణీళ్ళు కావాలంటే కింద నుంచి బకెట్ తెస్తారు, బకెట్ 50 రూపాయలు. పొద్దున ఆరు డిగ్రీల చలి. మొదటి బకెట్ మూడో అంతస్తు చేరేసరికి గోరువెచ్చన. కిందికి దించి మళ్ళీ కాచమంటే ఇంకో 50.

మా ఆయన బిల్లు దగ్గర నిలదీశాడు. నాలుగు రాత్రులు, పదకొండు బకెట్లు, "రూమ్ క్లీనింగ్ స్పెషల్" అని 800. బుక్ చేసిన రేటు చూపించాడు. మేనేజరు పళ్ళు కుట్టుకుంటూ, "ఘోడా ఖరీద్ సక్తే హో, బాల్టీ కే పచాస్ నహీ దే సక్తే?" అన్నాడు, గుర్రం కొనగలరు గానీ బకెట్‌కి యాభై ఇవ్వలేరా అని. లాబీలో కూర్చున్న ఇద్దరు నవ్వారు. నిజం చెప్తున్నా, ముప్పై లక్షల వ్యవహారంలో ఎక్కడా కదలని మనిషి ఆ యాభై రూపాయల దగ్గర వణికిపోయాడు. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడుతున్నాడనుకున్నారు వాళ్ళు. ఏనుగు కొన్నవాడికి అంకుశం కూడా బరువే అవుతుందని వాళ్ళకేం తెలుసు. మొత్తం 12,550 కట్టి బయటపడ్డాం. రసీదు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చాడు.

మా సైసు మాత్రం మొదటి సాయంత్రమే ఆ లాడ్జిలోంచి చాప చుట్టేశాడు. చేర్యాల మనిషి, మలక్‌పేట రేస్‌కోర్సులో ఇరవై ఏళ్ళు చేసినవాడు. గుర్రంతో పాటు నెలంతా ఉండాలి కాబట్టి వెనక సందులో పాలమ్మే కుటుంబం దగ్గర నెలకి 7,000కి గది మాట్లాడుకున్నాడు. మేం చూడ్డానికి వెళ్తే ఆ పెద్దావిడ సజ్జరొట్టె మీద వెన్న ముద్ద పెట్టి, స్టీలు గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. పెరట్లో మంట మీద నీళ్ళ కుండ సలసలా కాగుతోంది. బకెట్ ఎంత అని అడగబోయి ఆగాను.

కస్టమ్స్ నుంచి గుర్రాన్ని విడిపించే క్లియరింగ్ ఏజెంటు ఇంకో రకం. మాట్లాడుకున్నది 65,000. బిల్లు 1,12,400. అందులో "ఇతర ఖర్చులు" ఒక లైను, కింద "ఇతర ఖర్చులు-2" అని ఇంకో లైను. కానీ ఇక్కడ అవతల కూర్చున్నది మా ఆయన. లాడ్జిలో పోయిన పరువంతా ఇక్కడ రాబట్టాడు. గుర్రం మీద దిగుమతి సుంకమే 30 శాతం. దాని మీద సర్‌ఛార్జి, ఆ పైన అప్పట్లో 12 శాతం ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద వేసే జీఎస్టీ. ధర, బీమా, విమానం ఖర్చు కలిపిన మొత్తం మీద లెక్క. ఏజెంటు 14,54,000 అని వేసిచ్చాడు. మా ఆయన రాత్రి దుప్పట్లో ఫోను వెలుగులో నిబంధనలు చదివాడు. విమానంలో తెచ్చిన సరుక్కి రవాణా ఎంతైనా కానీ, సుంకం లెక్కలో సరుకు ధరకి 20 శాతం దాటి చూపకూడదు. అంటే 9,800 కాదు, 4,500 యూరోలే. కట్టాల్సింది 12 లక్షల 20 వేల చిల్లర. రెండు లక్షల ముప్పై వేలకు పైగా తేడా! ఏజెంటు "అవును సార్, అలా కూడా చేయొచ్చు" అన్నాడు. అలా కూడానట! గుర్రాన్ని తెచ్చుకునేవాళ్ళు ఈ ఒక్క ముక్క రాసిపెట్టుకోండి, ఈ రాతంతా అందుకే. ఏజెంటు బిల్లు చివరికి 94,000 దగ్గర తెగింది.

వరంగల్లు నుంచి ఏలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు, విదేశీ వర్తకులు భయం లేకుండా రావచ్చని, సుంకం ముప్పయ్యో వంతేనని. మా ఆయన ఆ కబురు ఎక్కడ పట్టాడో గానీ, అప్పటి నుంచి "ముప్పయ్యో వంతు ఎక్కడ, ముప్పై శాతం ఎక్కడ" అని ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్తున్నాడు.

క్వారంటైన్ డాక్టర్లని మాత్రం ఏమీ అనను. రక్తం నమూనాలు హిసార్‌లోని గుర్రాల పరిశోధన కేంద్రానికి పంపారు, రిపోర్టు రాగానే వాళ్ళే ఫోన్ చేశారు.

ఫిబ్రవరి 20న 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. గుర్రానికి గుర్రాలు తోలే లారీ, 1,35,000. వెనక అద్దె కారులో మేము. మా అమ్మాయికి ఇంటర్ పరీక్షలు దగ్గరపడ్డాయి, గంటకోసారి వీడియో కాల్. మూడు గంటలకోసారి లారీ ఆపి నీళ్ళు, తల కిందికి దించుకునే వీలు ఇవ్వాలి. తల పైకే కట్టేసి ఉంచితే ఊపిరితిత్తులకి జబ్బు చేస్తుంది. గ్వాలియర్, సాగర్, నాగపూర్‌లలో రాత్రి మజిలీలు, ఎక్కడా ఇబ్బంది లేదు. సాగర్‌లో ఒక డెయిరీ షెడ్డుకి 1,500 ఇచ్చాం. వాళ్ళ గేదెలన్నీ రాత్రంతా మా గుర్రాన్నే చూస్తూ నిలబడ్డాయి. సివనీ దాటాక పెంచ్ అడవిలో జంతువులు కింద నుంచి పోయేలా రోడ్డునే వంతెనల మీద ఎత్తారు. "కింద పులి, పైన మన పులి" అన్నాడు మా ఆయన. ఢిల్లీ తర్వాత ఆయన వేసిన మొదటి జోకు.

నాలుగో రోజు ఆదివారం. పెన్‌గంగ దాటాక బోర్డుల మీద తెలుగు కనిపించింది. నిర్మల్‌కి ముందు రేకుల షెడ్డు హోటలు ఒకటి చూసి ఆగాం. ఒకావిడ జొన్నరొట్టెలు కొడుతోంది. రెండు అరచేతుల మధ్య ముద్ద తిరుగుతూ తిరుగుతూ పెనమంత అయ్యేది. పెనం మీద వేసి, తడిచేత్తో ఒకసారి తుడిచి, తిప్పి, నిప్పుల మీదికి తోసేది. రొట్టె బంతిలా పొంగేది. ఒక్కోటి 25 రూపాయలు. వంకాయ కూర, పచ్చిపులుసు, ఉల్లిపాయ ముక్కతో సహా నలుగురికి 460. నాలుగు రోజుల దాబా పనీరు తర్వాత అది తిండి అంటే. మా ఆయన అయిదు రొట్టెలు తిన్నాడు, లారీ డ్రైవరు ఏడు.

చేతులు తుడుచుకుంటూ ఆవిడ గుర్రాన్ని చూడ్డానికొచ్చింది. వలలో గడ్డి చూసి, "గిదేనా? గుగ్గిళ్ళు పెడ్తలేరా బిడ్డా?" అంది. అలవాటు లేదమ్మా, ఒక్కసారిగా తిండి మారిస్తే కడుపు నొప్పి వస్తుందన్నాను. లోపలికి పోయి రెండు కిలోల ఉలవలు మూటగట్టి తెచ్చింది. డబ్బు తీసుకోలేదు. "పేరేంది?" అని అడిగింది. నేను మార్కో అనేలోపే మా సైసు అందుకున్నాడు. "మార్కో గీర్కో ఏంది మేడం, ఇయ్యాల ఆదివారం, కొమురెల్లి జాతర. మల్లన్న గుర్రం మీదనే గదా తిరిగేది. మల్లన్న అందాం." ఆవిడ గుర్రం నుదుటి తెల్లమచ్చ మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. పాస్‌పోర్టులో మార్కోనే ఉంది గానీ, ఆ రోజు నుంచి ఎవరూ ఆ పేరుతో పిలవలేదు.

కండ్లకోయ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, పోలీసు అకాడమీ (టీఎస్‌పీఏ) జంక్షన్‌లో దిగి, రాత్రి తొమ్మిదికి మొయినాబాద్ చేరాం. పుస్తకం చేతిలోనే పట్టుకుని మా అమ్మాయి గేటు దగ్గర నిలబడి ఉంది. చలికాలపు బొచ్చుతో వచ్చిన గుర్రానికి మన ఫిబ్రవరి ఎండకే చెమటలు పట్టాయి, వారంలోపు బొచ్చు కత్తిరించాం.

ఉలవలు మూడు వారాలు డబ్బాలోనే ఉన్నాయి. ఆ తర్వాత సైసు గుప్పెడు ఉడికించి, చల్లార్చి, అరచేతిలో పెట్టి చూపించాడు. మల్లన్న వాసన చూసింది, పెదవితో ఒక గింజ తీసుకుని ఉమ్మేసింది. "గుర్రం పిల్లకి గుగ్గిళ్ళు తినడం నేర్పాలా అంటారు, దీనికి నేర్పాలె" అని సైసు నవ్వాడు. మర్నాడు రెండు గింజలు నమిలింది. అయిదో రోజు పొద్దున నేను వెళ్ళేసరికి ఖాళీ తొట్టిని ముందుకాలితో తంతోంది.