నెల సరుకులకి డీమార్ట్: ఏవి కొనొచ్చు, ఏవి వద్దు

బెంగళూరు మారతహళ్ళి చుట్టుపక్కల పీజీల్లో ఉండే మన తెలుగు పిల్లలకి మధ్యాహ్నం భోజనం డబ్బాలు కట్టి పంపిస్తుంటాను. అన్నం, పప్పు, ఒక కూర, రసం, పెరుగు. డబ్బాకి మిగిలేది తక్కువ కాబట్టి లీటరు నూనె మీద నాలుగు రూపాయలు తగ్గినా నాకు అది పెద్ద విషయమే. నెల సరుకులు చాలావరకు డీమార్ట్‌లోనే తెచ్చుకుంటాను. కొత్తగా బెంగళూరు వచ్చి కాపురం పెట్టినవాళ్ళు అక్కడ నిజంగానే తక్కువా అని అడుగుతుంటారు. తక్కువే, కానీ అన్నిట్లోనూ కాదు.

2002లో ముంబై పొవాయ్‌లో మొదటి షాపు తెరిచినప్పటి నుంచీ వాళ్ళ పద్ధతి పెద్దగా మారలేదు. చాలా షాపులు అద్దెకి కాకుండా సొంత స్థలంలో పెడతారు. సరుకు ఇచ్చిన కంపెనీలకి డబ్బు తొందరగా కట్టేస్తారు, దాంతో ఆ కంపెనీలు డీమార్ట్‌కి రేటు తగ్గించి ఇస్తాయి. షాపులో హంగులు ఉండవు, ఒక్కో వస్తువులో రకాలూ తక్కువే. పండగ ఆఫర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, మామూలు రోజునే ఎమ్మార్పీ మీద తగ్గించి అమ్ముతారు. రేటు కార్డు మీద ఎమ్మార్పీ ఎంతో, వాళ్ళు ఇచ్చే ధర ఎంతో రెండూ కనిపిస్తాయి. నాకు బాగా నచ్చిన విషయం అదే.

ముందు పప్పుల సంగతి. కందిపప్పు, మినపగుళ్ళు, పెసరపప్పు, శనగపప్పు నేను కళ్ళు మూసుకుని అక్కడే తీసుకుంటాను అనను, కళ్ళు బాగా తెరిచి తీసుకుంటాను. వాళ్ళ సొంత బ్రాండు ప్రీమియా ప్యాకెట్లు నా వంటకి బాగానే సరిపోయాయి. కానీ ఏ బ్రాండైనా ముందు ప్యాకెట్ వెనక్కి తిప్పి ప్యాకింగ్ నెల చూడండి. ఏ సూపర్ మార్కెట్‌లోనైనా పాతవి ముందు వరసలో, కొత్తవి వెనక వరసలో పెడతారు, కాబట్టి చెయ్యి లోపలికి పెట్టి తీయాలి. తర్వాత ప్యాకెట్‌ని నిలబెట్టి రెండుసార్లు తట్టి అడుగున చూడండి. సన్నటి పొడి దిగితే వద్దు, పురుగు మొదలై ఉండొచ్చు. మరీ తళతళ మెరిసే పప్పు కూడా నేను తీసుకోను. పాతబడిన కందిపప్పుతో పెద్ద చిక్కు ఉడకకపోవడం. నాలుగు విజిల్స్‌కి మెత్తబడాల్సింది ఏడెనిమిది వచ్చినా పలుకుగానే ఉంటుంది. కిలో మీద మిగిలిన డబ్బు గ్యాస్‌కి పోతుంది, డబ్బాలు ఆలస్యం అవుతాయి.

నూనె దగ్గర అందరూ ఆగి చదవాలి. ఒకప్పుడు నూనె, పప్పు, బిస్కెట్లు లాంటివాటికి ఫలానా సైజుల్లోనే ప్యాక్ చేయాలని నియమం ఉండేది. 2022లో అది తీసేశారు, దాని బదులు గ్రాముకి, కిలోకి ఎంత పడుతుందో ప్యాకెట్ మీద రాయాలన్నారు. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు. ఇప్పుడు దాని పక్కనే అదే రంగు, ఇంచుమించు అదే ఎత్తు ప్యాకెట్ ఉంటుంది, తిప్పి చూస్తే 850 గ్రాములో, ఇంకా తక్కువో. ఉదాహరణకి 910 గ్రాములది 150 రూపాయలు, 850 గ్రాములది 145 అనుకోండి. చెయ్యి 145 వైపే పోతుంది. లెక్క వేస్తే మొదటిది కిలో 165 లోపు, రెండోది 170 పైన. ఇంకో సంగతి, ప్యాకెట్ మీద అచ్చువేసిన గ్రాము రేటు ఎమ్మార్పీని బట్టి వేసింది. షాపువాళ్ళు ఒక్కో బ్రాండు మీద ఒక్కోలా తగ్గిస్తారు, కాబట్టి ఆ అంకె నమ్ముకుంటే కుదరదు, ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయాల్సిందే. నా పక్కన నిలబడి లెక్క చూసి ప్యాకెట్ మార్చుకున్న ఆడవాళ్ళు ఉన్నారు. నాకు అది చాలా సంతోషం.

సబ్బులు, టూత్‌పేస్టు, గిన్నెలు తోమే లిక్విడ్ అక్కడే కొనండి, ఆలోచించక్కర్లేదు. సబ్బు, షాంపూ, పేస్టు మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది, పాత ధరలు మనసులో పెట్టుకుని పోల్చకండి. బట్టలు, ప్లాస్టిక్ డబ్బాల వైపు మాత్రం లిస్టులో లేకపోతే వెళ్ళకండి, బడ్జెట్ తప్పేది అక్కడే.

బియ్యం నేను డీమార్ట్‌లో కొనను. బియ్యం మండీలో 26 కిలోల బస్తా తెచ్చుకుంటాను. 2022 జూలైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు, అప్పట్నుంచి మిల్లులవాళ్ళు 26 కిలోల బస్తాలు తెచ్చారు. పైగా మండీలో గుప్పెడు బియ్యం చేతిలో పోసుకుని నూక ఎంత ఉందో చూడొచ్చు, పాత బియ్యమా కొత్తవా అడగొచ్చు. కూరగాయలకి హాప్‌కామ్స్ (రైతుల సహకార సంఘం నడిపే అంగళ్ళు) గానీ, వీధిలోకి వచ్చే బండి గానీ మేలు. కారం ఊరి నుంచి పట్టించి తెప్పించుకుంటాను, దానికి ఏ షాపూ సాటి రాదు.

బిల్లు గురించి గట్టిగా చెప్పాలి. ఇలాంటిదే వేరే సూపర్ మార్కెట్‌లో, పేరు అనవసరం, కార్డు మీద ఒక ధర ఉంటే బిల్లులో ఇంకో ధర పడింది. అడిగితే "ఆఫర్ నిన్నటితో అయిపోయింది మేడమ్, కార్డు తీయలేదు" అన్నారు. కార్డు ఫోటో చూపించాక మిగతా డబ్బు వెనక్కి ఇచ్చారు. అప్పటి నుంచి ఏ షాపులోనైనా ఖరీదైన నాలుగైదు వస్తువుల కార్డులు ఫోటో తీసుకుంటాను, గేటు దాటకముందే పక్కకి నిలబడి బిల్లు చదువుతాను. వాళ్ళు వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

వెళ్ళడానికి నాకు ఖర్చు లేదు. కర్ణాటక అడ్రస్ ఉన్న ఆడవాళ్ళకి 2023 జూన్ నుంచి బీఎంటీసీ (బెంగళూరు సిటీ బస్సులు) మామూలు బస్సుల్లో ప్రయాణం ఉచితం. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆటో తప్పదు, దానికిచ్చేది సరుకుల్లో మిగిలిన డబ్బులోంచే పోతుంది. అందుకే పక్కింటి వదిన, నేను కలిసి వెళ్తాం, ఆటో చెరిసగం. సంచులు ఇంటి నుంచే తీసుకెళ్ళండి. నెల మొదటి ఆదివారం వద్దు, వారం మధ్యలో పొద్దున్నే అయితే నిదానంగా చూసుకోవచ్చు. బిల్లింగ్‌లో చిత్తూరు వైపు అమ్మాయి ఒకామె ఉంది, నన్ను చూడగానే "ఏం అక్కా, ఈ నెల మినపగుళ్ళు ఎక్కువ తీసుకున్నారే" అంటుంది.

ఇంట్లో నలుగురుండి నెలకి సరిపడా ఒకేసారి కొనేవాళ్ళకి డీమార్ట్ బాగుంటుంది. గదిలో ఒక్కరే వండుకునే పిల్లలకి మాత్రం నేను చెప్పను. నెలకి కిలో పప్పు, లీటరు నూనె కోసం ఆటో ఎక్కే బదులు వీధి చివర కిరాణా అంగడిలో తెచ్చుకోండి, జీతం ఆలస్యమైన నెల అక్కడ ఖాతా కూడా రాసుకుంటారు.